బాబాయి బొటనవేలు

మొన్నొక ఎండాకాలపు సాయంత్రం పిన్ని మనవరాలు గ్రీసు దేశం నుంచి ఒక వీడియో పంపింది. హైదరాబాదులో నాటకాల చదువు చదివే పిల్ల, అక్కడి వేసవి నాటకోత్సవాలు చూడటానికి తోటివాళ్లతో వెళ్లింది. కొండ వాలులో అర్ధచంద్రాకారంగా రాతిమెట్లు, వాటి అడుగున గుండ్రటి మట్టినేల. వేల ఏళ్ల నాటి నాటకశాలట, ఇప్పటికీ వేసవి వేసవికీ ఆడుతున్నారట. రిహార్సల్ నాడు తీసిన వీడియో అది. తల్లాడలో పిన్ని ఇప్పుడుంటున్న ఇంటి వరండాలో, కూలర్ రొద మధ్య, ఇద్దరం ఒకే ఫోన్ మీదికి వంగి చూశాం. రాజు వేషగాడు వెనకున్న తలుపు గుండా లోపలికి పోయాడు. కాసేపటికి లోపలి నుంచి ఒక కేక. మనిషి మాత్రం మళ్లీ రాలేదు.

"ఏంది, ఆయన ఏడబోయిండు?" అంది పిన్ని.

"సచ్చిపోయిండు పిన్నీ. ఆళ్ల పాత నాటకాల్ల సావు ముంగట చూపియ్యరంట. కేక ఒక్కటే ఇనిపిస్తరంట."

"మంచి పని చేసిన్రు," అంది.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. ఆమె భర్త, మా బాబాయి, పద్యనాటకాల్లో ఎప్పుడూ చచ్చే రాజే. మా ఊరు భద్రాచలం అడవి అంచున. ఊరవతల గుట్ట వాలులో రాళ్లు వాటంతటవే మెట్లు పేర్చినట్టుండేవి. మిర్చి కళ్లాలు అయిపోయి, తునికాకు కోతలు ముగిసే రోజుల్లో అక్కడే నాటకం. పై రాళ్ల మీద అడవి పల్లెలవాళ్లు, కింద మేము, ముందు వరసలో పిన్ని. ఎండిన ఇప్పపూల వాసన. హార్మోనియం శ్రుతి గుట్టకు తగిలి తిరిగొచ్చేది. బాబాయి మామూలప్పుడు కోళ్లను అదిలించటానికి కూడా గొంతు పెంచని మనిషి. కిరీటం పెట్టాడంటే గుట్ట దద్దరిల్లాల్సిందే. బాణం తగిలి పడి, తీరిగ్గా ఒక పద్యం పాడి, అప్పుడు ప్రాణం విడిచేవాడు. జనం ఊరుకుంటేగా! "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, జనానికి దండం పెట్టి, మళ్లీ పద్యం అందుకుని మళ్లీ చచ్చేవాడు. మా ఊళ్లో బాగా పాడటమంటే రెండుసార్లు చావడమే.

పిన్నికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయేవి. కొత్త కోడలుగా వచ్చిన ఏడాది, ఆయన కదలకుండా పడి ఉంటే, శోకం పెట్టి నాటకం మధ్యలోకి పోయిందట. ఊరంతా పడీ పడీ నవ్విందట. ఆ తర్వాత మొగుడూ పెళ్లాం ఒక ఒప్పందానికి వచ్చారు. చచ్చాక బాబాయి కుడికాలి బొటనవేలు కొంచెం ఆడిస్తాడు. అది చూసి పిన్ని ఊపిరి పీల్చుకుంటుంది. ఈ రహస్యం ఆమే చెప్పింది నాకు. అప్పట్నుంచి నేనూ రాజు మొహం మానేసి వేలే చూసేవాణ్ణి. అందరూ వన్స్ మోర్ అంటుంటే పిన్ని ఒక్కతే పళ్లు బిగబట్టి కూర్చునేది. "మళ్ల సంపుడెందుకు మనిషిని?" అని గొణిగేది.

బాబాయి నిజంగా పోయింది ఖమ్మం దవాఖానాలో, గుండెపోటుతో. ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆనవాయితీ ప్రకారం రెండు కాళ్ల బొటనవేళ్లూ కలిపి దారంతో కట్టబోయారు. అంతదాకా ఏడవని పిన్ని వచ్చి ఆ పాదాల మీద చేతులు అడ్డం పెట్టింది.

"కట్టొద్దు. కట్టేస్తే నాకెట్ల తెలుస్తది?"

దుఃఖంలో మతి చలించిందనుకున్నారు. "జల్దీ కానియ్యమ్మా, ఎండెక్కుతున్నది," అన్నారెవరో. నాకు మాత్రం అర్థమైంది. నేనూ ఆ వేలినే చూస్తున్నాను. చదువుకున్నవాణ్ణి, అయినా ఆశపడ్డాను. చాలాసేపటికి పిన్ని వంగి, పక్కనున్న నాకు మాత్రమే వినబడేటట్టు, బతుకులో మొదటిసారి, "వన్స్ మోర్" అంది. అని ఆగింది. తర్వాత దారం అందుకుని తనే కట్టింది. ఇప్పటికీ ఎవరి శవం దగ్గరికి వెళ్లినా నా చూపు మొహం కంటే ముందు కాళ్ల మీదికే పోతుంది.

వీడియో చివర్లో నటులంతా మెట్ల ముందుకొచ్చి వంగి దండం పెడుతున్నారు. లోపల చచ్చిన రాజూ వాళ్లలో ఉన్నాడు, నవ్వుకుంటూ. పిన్ని ఫోన్ లాక్కుని కళ్ల దగ్గర పెట్టుకుంది.

"కాళ్లు కనబడతలేవు, జర పెద్దగ చెయ్యి," అంది.

చేశాను. అంత పాత రాళ్ల మీద వేసవి వేసవికీ చచ్చినవాళ్లు లేచి వస్తూనే ఉన్నారు. పిన్ని అడిగిన ఒక్క వన్స్ మోర్‌ని మాత్రం కాలం ఇంకా విననట్టే ఊరుకుంది.