ఖాసిం సాబ్ చెప్పిన అబద్ధం

మొన్న మా ఆవిడ కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆకలి వేయాల్సింది పోయి ఖాసిం సాబ్ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. గుండ్లపోచంపల్లిలో ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద నేను పనిచేసిన షెడ్డుకు ఆయన ఫోర్‌మన్. వెంట్రుకవాసి తేడా వచ్చినా మేం చెక్కిన ముక్కను పక్కన పడేసేవారు. తిట్టడంలోనూ అంతే నిక్కచ్చి. అలాంటి మనిషికి భయం ఉంటుందని నేను ఏనాడూ అనుకోలేదు.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో, ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్ ఉందేమో చూడాలని డాక్టర్ ఆయనకు బయాప్సీ రాశాడు. ఇంట్లో కంపెనీ పనని చెప్పి నన్ను తోడు తీసుకెళ్లారు. పరీక్షయ్యాక కొన్నాళ్లు బండెక్కొద్దన్నారు. నా బండి అక్కడే వదిలేసి ఆటో ఎక్కాం. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన సీటు అంచు గట్టిగా పట్టుకుంటున్నారు.

“పన్నెండుసార్లు సూది కొట్టిండు యాదగిరీ, లెక్కబెట్టిన,” అన్నారు. “నొప్పి గంత లేదు. బట్టలిప్పి గోడ దిక్కు మల్లి పండుకునుడే... నా ఇజ్జతంత ఆడనే పాయె.”

“ఏం కాదు సాబ్” అన్నాను.

షెడ్డులో మాత్రం కిడ్నీలో రాయి ఉందని చెప్పారు. ఇంకేముంది, రాయి అనగానే అందరూ వైద్యులైపోయారు. ఒకరు అరటిదూట రసం తెస్తే మరొకరు బార్లీ నీళ్లు తెచ్చారు. గౌడవెల్లి నుంచి వచ్చే మల్లయ్య రోజూ సీసా నిండా ఉలవనీళ్లు తెచ్చి, అయిపోయేదాకా ఎదురుగా నిలబడేవాడు. సాబ్ ముఖం చిట్లించుకుంటూ తాగేవారు. ఒకరోజు బాత్రూం దగ్గరికి నన్ను పిలిచి, “ఎర్రగ వస్తాంది బేటా” అన్నారు. కొన్నాళ్లు అలాగే ఉంటుందని డాక్టర్ ముందే చెప్పాడు కదా అన్నాను. “చెప్పిండు. కండ్లతోని సూస్తే పానం ఆగుతలేదు” అన్నారు. ఆ మాటకు నాకూ భయం వేసింది.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. కేన్సర్ లేదు. ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఖాసిం సాబ్ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ రాత్రే భార్యకు అంతా చెప్పేశారట. మర్నాడు టీ వేళకు మిషన్లు ఆపించి, “నాకు రాయి లేదు. కేన్సరేమోనని పరీక్ష జేయించుకున్న. లేదన్నరు. సిగ్గయి మీకు అబద్ధం జెప్పిన, మాఫ్ జెయ్యిండ్రి” అన్నారు.

మల్లయ్య చేతిలోని సీసా వైపే చూస్తూ, “సాబ్, గీ ఉలవనీళ్లు నా కోసం కాసుకున్నయే. ఏడాది సంది ఒంటికి పోవుడు కష్టమైతాంది. ఎవలకు చెప్పలే” అన్నాడు. ఖాసిం సాబ్ అతన్ని తిట్టిన తిట్లు నేను రాయలేను. ఆ సాయంత్రమే వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. గ్రంథి వాపేనని, మాత్రలతో తగ్గుతుందని తేలింది.

సాబ్ పోయి మూడేళ్లయింది. నిరుడు డాక్టర్ నాకూ అదే పరీక్ష రాశాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మా ఆవిడను పిలిచి, ఏ పరీక్షో, ఒంట్లో ఎక్కడ సూది కొడతారో అన్నీ చెప్పాను. చివరికి “నాకు భయమైతాంది” అన్నాను. పాతికేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె చేతిలో పని వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంది.