మా ఇంటి చాట్ సర్వరుకు ఆయుధ పూజ

మా ముత్తాత పెద్దారవీడు మునసబు. మా తాత బజారున నడిచి వస్తుంటే దుకాణాల వాళ్లు లేచి నిలబడేవారు. ఆ దర్జాలో నాకు మిగిలింది మార్కాపురంలో అద్దె ఇల్లు, వంచడం రాని మెడ. అందుకే బంధువులు ఫోనులో గ్రూపు పెడదామంటే ఒప్పుకోలేదు. మన ఇంటి మాటలు పరాయివాళ్ల అరుగు మీదనా? పాత కంప్యూటర్లో నల్ల తెర తెరిచి, ఆదేశాలు టైపు చేసి, బంధువులంతా రాసుకునేందుకు సొంత చాట్ సర్వరే నడిపాను. మొదట్లో ఆ తెర మూస్తే సర్వరూ ఆగిపోయేది. తెర మూసినా వెనకాల నడిచేటట్లు చేయడం నేర్చుకున్నాక, "ఇక ఏం మూసినా ఆగదు" అని ఇంట్లో చాటాను. (మా వంశంలో అప్పటికి ఆగకుండా నడుస్తున్నది అదొక్కటే.)

చేని గట్టు దగ్గర తగాదాపడి నాయన, గిద్దలూరు చిన్నాయన కొన్నేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. అయితే సర్వరులో, ఎవరి పేరూ ఎత్తకుండా, నాయన "వాన పడిందా" అని రాసేవారు. కాసేపటికి చిన్నాయన "జల్లు" అని రాసేవారు. ఆ ఒక్క మాట కోసమే నేను సర్వరును కంటికి రెప్పలా కాచేవాణ్ణి.

ఆయుధ పూజనాడు నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి నాయన కంప్యూటర్ ప్లగ్గు పీకి, తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి ఉన్నారు.

"అయ్యో, ఆపేసినావా నాయనా!"

"ఏం మూసినా ఆగదని నువ్వే చెప్పినావు కదరా! రేపు పొద్దునదాకా ముట్టమాక."

సాయంత్రానికి చిన్నాయన బస్సు దిగి వచ్చి వాకిట్లోనే నిలబడ్డారు. నాయన వైపు చూడకుండా నన్ను అడిగారు. "ఏందిరా, నా మాట పోవడంల్యా? మీ నాయన నన్ను తీసేయమన్నాడా?"

నేను చెప్పేలోగా నాయనే లేచారు.

"తీసేసేదానికి నువ్వేమన్నా బయటోడివా? ఆయుధ పూజరా. దానికి సెలవు. రా లోపలికి."

చిన్నాయన తొంగి చూశారు. బొట్లు, దండ. ఆయనకు నవ్వొచ్చింది. "దీనికి గుమ్మడికాయ గూడా కొట్టినావా, అన్నా?"

"నీ కాళ్లకాడే ఉండాది. చూసుకోని రా, జారతావు."

మర్నాడు సర్వరును మళ్లీ లేపాను. అది ఆగకుండా నడిచింది, కానీ అందులో ఎవరూ ఏమీ రాయలేదు. అన్నదమ్ములిద్దరూ రోజూ ఫోను చేసుకుని మరీ వాన గురించి వాదించుకున్నారు. నా సర్వరును చిన్నచూపు చూశారని కొన్నాళ్లు ముభావంగా తిరిగాను. ఆ ముభావం తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది.

తర్వాతి వేసవిలో ఇద్దరూ కలిసి వెళ్లి సంతకాలు పెట్టి, ఆ గట్టు తగాదా చేను అమ్మేశారు.