ఎడమచేత్తో అల్లిన కుర్చీ

కత్తి ఎడమచేతిలో ఉంది. కుడి మోచెయ్యి కుర్చీ చట్రాన్ని కదలకుండా నొక్కిపెట్టింది. పేము కుర్చీలు అల్లే బెత్తం పిన్ని పాత అల్లికను అంచు వెంబడే కోసుకుంటూ పోతోంది. ముప్పై ఏళ్లు కుడిచేతిలో కాపురం చేసిన కత్తి ఎడమచేతిలోకి వచ్చేసరికి ముక్కూ మొహం తెలియని ఇంట్లో దిగిన చుట్టంలా తడబడుతోంది. అయినా తెగుతోంది. తెగిన పేము ముక్కలు ఎండుగడ్డిలా కాళ్ల దగ్గర రాలుతున్నాయి.

"వదినా, అది నా కుర్చీ. వంకాయలు తరిగినట్టు తరగకు," అంది టైలరమ్మ.

"కాసేపు నోరు మూసుకుని కూర్చో."

"ఎక్కడ కూర్చోను? ఉన్న కుర్చీ నువ్వు కోస్తున్నావుగా."

టైలరమ్మ దుకాణం అదే వీధిలో నాలుగు గుమ్మాల అవతల. ఇరవై రెండేళ్లుగా ఆవిడ కుట్టుమిషను ముందు కూర్చున్నది ఈ కుర్చీలోనే. దాన్ని అప్పుడు అల్లింది కూడా పిన్నే. పోయిన వారం నడుమ ఒక పోగు తెగింది, మర్నాటికి నాలుగు తెగాయి, ఆ మర్నాడు టైలరమ్మ సగం కుర్చీలోకి దిగిపోయింది. పక్కింటివాళ్లు వచ్చి రెండు చేతులూ పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. అప్పటినుంచీ ప్లాస్టిక్ స్టూలు మీద తలగడ వేసుకుని కుడుతోంది. సాయంత్రానికి నడుము పట్టేస్తోంది.

అంచు బద్దను ఊడదీస్తుంటే దాని కింద ఇరుక్కున్న రెండు గుండుసూదులు, ఎర్రదారం ముక్క, ఆవగింజంత నీలిపూస బయటపడ్డాయి. టైలరమ్మ పూసను అరచేతిలో వేసుకుని వెలుతురులో తిప్పి చూసింది.

"ఓసి నీ దుంపతెగ. దీనికోసం ఒక పూటంతా నేల ఊడ్చాను. ఎవరో కస్టమరు ఎత్తుకుపోయిందనుకుని ఏడాదిపాటు ఆవిణ్ని అనుమానించాను కూడా."

"పోయి క్షమాపణ చెప్పు."

"ఆవిడ ఊరు మారిపోయింది. అదృష్టవంతురాలు." పూసను కొంగున ముడేసుకుని అసలు విషయానికి వచ్చింది. "వదినా, సోమవారం బడి యూనిఫారాలు మొదలుపెట్టాలి. అరవై జతలు. ఆదివారం సాయంత్రానికి ఈ కుర్చీ రాకపోతే మావాడు ఆఫీసుల్లో ఉండే గిరగిరా తిరిగే కుర్చీ కొనుక్కొస్తానంటున్నాడు. అది నా పనికి వస్తుందా చెప్పు. పెడలు తొక్కితే మిషను అక్కడే ఉంటుంది, నేను వెనక్కి పోతాను."

"ఆదివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్లు," అంది పిన్ని.

టైలరమ్మ పిన్ని కుడిచేతి వైపు చూసింది. ఆ చూపు పిన్నికి గట్టిగానే తగిలింది.

రెండు నెలల క్రితం పిన్ని అటక మీదున్న పేము కట్ట దించబోయి స్టూలు మీదనుంచి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పిండికట్టు. కట్టు విప్పాక ఎముక అతికింది గాని బొటనవేలూ చూపుడువేలూ కలవడం మానేశాయి. ఆ రెండింటి మధ్య పేము బద్ద పెడితే జారి కింద పడేది. డాక్టరు ఒక మెత్తటి బంతి ఇచ్చి, రోజూ పిసకమన్నాడు. సన్నపని సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు. పిన్ని ఆ బంతిని పిసుకుతుంటే, ముప్పై ఏళ్లు కుర్చీలు అల్లిన మనిషిని బాలశిక్ష ముందు కూర్చోబెట్టినట్టుండేది.

పోస్టాఫీసులో పనిచేసే కూతురు అమ్మ కష్టం చూడలేక ఒక మాట అంది. "ఇంక చాల్లేమ్మా. చేసినన్నాళ్లు చేశావు. ఆ పనిముట్లన్నీ అటకెక్కించేద్దాం. ముందుగదిలో నీకొక మంచం వేస్తాను, కిటికీ పక్కన హాయిగా పడుకో."

"కిటికీ పక్కన పడుకోవడానికి నేనేమైనా పిల్లినా?"

వాదన రెండు రోజులు నడిచింది. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. టైలరమ్మ కుర్చీ ఒక్కటి అల్లాలి. గడువులోగా, టైలరమ్మ మారు మాట్లాడకుండా తీసుకెళ్లేలా. అల్లితే ముందుగది ఎప్పటిలా పనిగదే. అల్లలేకపోతే కత్తీ, చీలలూ, నీళ్లబేసినూ అటక మీదికి.

"టైలరమ్మగారు మొహమాటానికి పోయే మనిషి కాదు. ఆవిడే జడ్జి," అంది కూతురు.

"ఆవిడే," అంది పిన్ని.

మంగళవారం పొద్దున పేము బద్దల్ని నీళ్లలో నానేసింది. తడిసిన బద్ద మాట వింటుంది, ఎండింది విరుగుతుంది. చట్రం చుట్టూ డెబ్బై నాలుగు బెజ్జాలు. ఒక్కో బెజ్జంలోంచి బద్ద లాగి, జారిపోకుండా చెక్క చీల కొట్టి, ఎదుటి బెజ్జానికి వెళ్లాలి. ముందు నిలువు వరస, దాని మీద అడ్డం వరస, మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం. అప్పుడు గళ్లు నిలుస్తాయి. ఆ గళ్ల మూలల్లోంచి ఐమూలగా ఒకసారి అటునుంచి, ఒకసారి ఇటునుంచి. చివర అంచు.

మామూలుగా అయితే రెండు రోజుల పని. ఎడమచేతికి నిలువు వరస ఒక్కటే ఒక పూట పట్టింది. చీల బెజ్జంలో పెడితే సుత్తి పట్టడానికి చెయ్యి లేదు. సుత్తి పడితే చీల పట్టేవాళ్లు లేరు. పిన్ని చీలను పళ్లతో పట్టుకుని బెజ్జంలో గుచ్చింది. బస్సు డ్రైవరు ఉద్యోగం చేసే అల్లుడు షిఫ్టు దిగి గుమ్మంలో అడుగుపెట్టేసరికి అత్తగారు కుర్చీని కొరుకుతూ కనిపించింది.

"అత్తయ్యా, ఆకలేస్తే చెప్పొచ్చు కదా. వంట ఐదు నిమిషాల్లో అవుతుంది."

పిన్ని నోట్లో చీల ఉంది కాబట్టి బతికిపోయాడు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. కూతురు చిన్నప్పుడు కంచం ముందు కూర్చోగానే రోజంతా పోగేసిన ఫిర్యాదుల మూట విప్పేది. వినీ వినీ పిన్ని ఒకరోజు తేల్చి చెప్పింది. ఎవరైనా సరే, ఆ రోజు ఎదురైన ఒక మంచి సంగతి చెప్పి గాని కంచం ముందునుంచి లేవకూడదు. పెద్ద పెద్దవి చెల్లవు. కంటికో, చెవికో, చేతికో ఆ రోజు తగిలినదే కావాలి. నిన్న చెప్పింది ఇవాళ చెల్లదు. అల్లుడు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఇదేదో పరీక్ష అనుకుని పొద్దున్నే రాసుకుని తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ ఆటలో అతన్ని మించినవాడు లేడు.

"ఒక పెద్దాయన దిగుతూ, బ్రేకు వేసినట్టే తెలియలేదయ్యా అన్నాడు," అన్నాడు అతను ఆ రాత్రి.

"కొత్త ముద్ర వచ్చింది. కొడితే తేదీ చెక్కినట్టు పడింది. అవసరం లేకపోయినా చిత్తుకాగితం మీద ఇంకో నాలుగు కొట్టాను," అంది కూతురు. "నీదేంటమ్మా?"

"వాన రాలేదు."

"నిన్నా అదే చెప్పావు."

"నిన్నా రాలేదుగా."

చెయ్యి విరిగినప్పటినుంచీ ఇదే వరస. ఒకరోజు వాన వస్తే, వాన వచ్చిందని చెప్పి లేచింది. తను పెట్టిన నియమాన్ని తనే తుంగలో తొక్కుతున్నానని పిన్నికి తెలుసు. కాని పనిచేయని చేతికి ఏం తగులుతుంది? లేనిది ఉన్నట్టు చెప్పడం ఆమెకు చేతకాదు.

గురువారం మధ్యాహ్నానికి గళ్లు నిలిచాయి. వంకర లేదు. పిన్ని ఎడమచేత్తో బద్దను పైనుంచి దింపుతుంటే, కుర్చీ కింద కుడిచెయ్యి దాన్ని వెతికి అందుకుని తిరిగి పైకి తోస్తోంది. పట్టు లేదు గాని స్పర్శ పోలేదు. పైచెయ్యి, కిందిచెయ్యి తమ వాటాలు మార్చుకున్నాయి, అంతే. శుక్రవారం ఐమూల వరస మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికల్లా ముగించింది. ఒకటి అయిపోయింది, ఇంకొకటి మిగిలింది, దాని తర్వాత అంచు. రోజున్నర చాలు.

కూతురు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగింది. "బాగుందమ్మా," అంది. ఆ మాటలో ఓడిపోతున్నానన్న బాధ లేదు.

కిటికీలోంచి పడుతున్న ఏటవాలు ఎండలో బద్దలు ఆరి తెల్లబడుతున్నాయి. పిన్ని వాటి మీద అరచెయ్యి పెట్టి ఒక మూలనుంచి ఎదుటి మూలకు లాగింది. చెయ్యి ఆగింది. మళ్లీ లాగింది. మళ్లీ ఆగింది. ఐమూల బద్ద గడి మూలలోకి ఒదిగి కూర్చోవాలి. ఇది ఒదగలేదు. అడుగడుగునా గళ్ల బద్దల మీద గీసుకుంటూ పైకి లేచి ఉంది.

పొద్దుటినుంచీ పోగు లాగుతుంటే కాస్త గరగరమంటూనే ఉంది. ఎడమచేతి మొరటుతనం అనుకుంది. ఇప్పుడు తెలిసింది. కుడిచేత్తో అల్లేటప్పుడు ఎప్పుడూ కుడిమూల నుంచి బయలుదేరేది. అక్కడినుంచి వస్తే నిలువు జంట మీదుగా, అడ్డం జంట కిందుగా పోవాలి. ఎడమచేతికి వీలని ఈసారి ఎడమమూల నుంచి మొదలుపెట్టింది. అటునుంచి వచ్చేటప్పుడు లెక్క తిరగబడుతుంది, నిలువు కిందుగా, అడ్డం మీదుగా పోవాలి. మూల మార్చింది గాని లెక్క మార్చడం మర్చిపోయింది. వరసంతా తప్పు.

"కత్తి ఇలా ఇవ్వు," అంది.

విషయం విని కూతురు కుర్చీని వంగి వంగి చూసింది. "నాకైతే ఏమీ కనిపించట్లేదు. టైలరమ్మగారికీ కనిపించదు. ఎవరికి తెలుస్తుందమ్మా?"

"ఇవాళ నాకు తెలిసింది. ఆర్నెల్లు పోతే కుర్చీకి తెలుస్తుంది. గీసుకుని గీసుకుని తెగుతుంది. అప్పుడు మళ్లీ ఆవిణ్ని పట్టుకుని లాగడానికి పక్కింటివాళ్లు కావాలి."

"ఎల్లుండి సాయంత్రమే గడువు."

"అందుకే కత్తి ఇవ్వమంటున్నా."

కూతురు కత్తి ఇచ్చింది. పిన్ని ఐమూల పోగుల్ని ఒక్కొక్కటే, కింది గళ్లకు గాటు పడకుండా కోసి లాగేసింది. నలిగిన బద్దలు మళ్లీ పనికిరావు. కొత్త కట్ట కావాలి. అది అటక మీదే ఉంది. పిన్ని స్టూలు వైపు చూసింది. ఆ చూపు పసిగట్టిన అల్లుడు వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు.

"అత్తయ్యా, ఆ స్టూలుకీ మీకూ పడదు. నేనెక్కుతాను."

"నువ్వు పట్టుకో," అని కూతురు స్టూలు లాక్కుని తనే ఎక్కింది. దుమ్ము పట్టిన పేము కట్టను అటక మీదనుంచి లాగి కిందికి దించింది. దాన్ని తల్లికి ఇచ్చి, బేసిను తీసుకుని నీళ్లు నింపడానికి వెళ్లింది.

శనివారం పిన్ని తెల్లారకముందే లేచింది. కుర్చీని కిటికీ దగ్గరికి జరిపి, ఎడమమూల దగ్గర కూర్చుని, లెక్కను ఒకసారి పైకి చెప్పుకుంది. నిలువు కింద, అడ్డం మీద. ప్రతి గడికీ చెప్పుకుంది. మొదటి పోగు లాగగానే అది నీళ్లలో చేపలా జారి మూలలో ఒదిగింది. గరగర లేదు. పిన్ని ఆ ఒక్క పోగునే రెండుసార్లు వెనక్కి లాగి మళ్లీ వదిలింది. అవసరం లేదు, అది జారడం చూడటానికే.

మధ్యాహ్నం దాటాక ఎప్పుడో ఒక బద్ద కింద బెజ్జంలోంచి వెనక్కి జారబోయింది. ఎడమచెయ్యి పైన ఖాళీగా లేదు. కుర్చీ కింద కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దాన్ని పట్టుకుని ఆపాయి. పిన్ని నాలుగు గళ్లు అల్లాక గాని ఆ సంగతి గుర్తించలేదు. గుర్తించాక కిందికి వంగి చూసింది. వేళ్లు వణుకుతున్నాయి. కాని పోగు వాటి మధ్యే ఉంది.

ఆ రాత్రి అందరూ తినడం అయింది. అల్లుడి సంగతి, కూతురి సంగతి అయ్యాయి. ఇద్దరూ పిన్ని వైపు చూశారు.

"వాన రాలేదా అత్తయ్యా?" అని అందించాడు అల్లుడు.

"వాన సంగతి నాకెందుకు? పోగు చేపలా జారింది. ఇంకొకటి పారిపోబోతే నేను చెప్పకుండానే ఈ రెండు వేళ్లూ పట్టుకున్నాయి."

కూతురు మంచినీళ్ల గ్లాసు ఎత్తి చాలాసేపు తాగింది.

"రెండు చెప్పేశారు. ఒకటి రేపటికి దాచుకోవాల్సింది," అన్నాడు అల్లుడు.

"రేపటిది రేపు వస్తుంది. పొద్దున్నే పనుంది, దీపం ఆర్పండి."

ఆదివారం రెండో ఐమూల వరస పదకొండింటికి అయింది. ఇది కుడిమూల నుంచి, లెక్క తిప్పి. తర్వాత అంచు. చుట్టూ వెడల్పాటి బద్ద పరిచి, బెజ్జం బెజ్జానికీ సన్నపోగుతో కట్టు వేసింది. చివరి కట్టు కింద ముడి పడాలి. ఆ ముడి వేయడానికి రెండు చేతులూ కావాలి. మూడుసార్లు జారింది. పిన్ని చెయ్యి తుడుచుకుని, బద్ద మళ్లీ తడిపి, నాలుగోసారి వేసింది. బిగిసింది. మిగిలిన కొసను కత్తితో తెంచింది.

నాలుగు కొడుతుండగా టైలరమ్మ వచ్చింది. మెడలో టేపు, చేతిలో చిన్న గుడ్డముక్క. పలకరింపులేమీ పెట్టుకోలేదు. కుర్చీ ముందు వంగి, లైనింగుకి వాడే పల్చటి పట్టుగుడ్డను అల్లిక మీద పరిచింది. ఒక కొస పట్టుకుని మెల్లగా తనవైపు లాగింది. ఎక్కడ బద్ద లేచి ఉన్నా ఆ గుడ్డ దారం ఊడి చెబుతుంది. కూతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గుడ్డ ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. టైలరమ్మ దాన్ని అడ్డంగా లాగింది. తిప్పి ఐమూలగా లాగింది. తర్వాత గుడ్డను వెలుతురుకి ఎత్తి పట్టుకుని పోగు పోగూ చూసింది.

"ఎడమచేత్తో అల్లావా?"

"ఎక్కువ భాగం."

"అయితే కుడిచేతికి సెలవు పొడిగించు," అంది టైలరమ్మ. గుడ్డను మడతపెట్టి జాకెట్టులో దోపుకుంది. "చక్రాలది వద్దని మావాడికి ఫోను చేసి చెప్పాలి. కూర్చోనా?"

"రేపు పొద్దుటిదాకా కూర్చోవద్దు. తడి ఆరితే ఇంకా బిగుస్తుంది. ఎండలో పెట్టకు. నీడలో, గాలి తగిలేచోట పెట్టు."

"కళ్లెదుట పెట్టి కూర్చోవద్దంటావు. ఇదేం శిక్ష వదినా?"

"ఇంకొక్క రాత్రి. స్టూలుకి వీడ్కోలు చెప్పుకో."

కూతురు బేసినులో నీళ్లు వాకిట్లో పారబోసి, కత్తిని తుడిచి, గోడకున్న కొక్కేనికి దాని చోట్లో తగిలించింది. పిన్ని కుర్చీ వెనకభాగాన్ని ఎడమచేత్తో ఎత్తింది. కుడిచెయ్యి కిందినుంచి ఆసరా పట్టింది. గుమ్మం దాకా తీసుకొచ్చి టైలరమ్మ చేతుల్లో పెట్టింది. ఆవిడ పట్టుకున్నాక వదిలింది.