జీరో టికెట్ వెనకాల

ఇబ్రహీంపట్నంలో యాచారం మీదుగా పోయే బస్సెక్కితే, కండక్టర్‌కు ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుని, పక్క సీట్లో ఒక అక్క కూర్చుంది. ఆమె ముఖం చూశాక, ఆ పొద్దున వచ్చిన రిజల్ట్‌లో పరీక్ష తప్పింది నేనా ఆమెనా అని అనుమానం వచ్చింది.

"ఏమైందక్కా?" అన్నాను.

"ల్యాబ్ పని ఇడిసిపెడుతున్న తమ్మీ. గదే బాపుకు చెప్పనీకి పోతున్న."

విద్యుదావేశం ఉన్న మందును కణం తన గోడ దాటి రానివ్వదట. అందుకని కొన్ని అణువులు వాటంతటవే ఆ మందు చుట్టూ గుమిగూడి, దాన్ని లోపలికి తీసుకుపోతాయి. అలాంటి అణువులను తయారు చేయడమే ఆమె పని.

"ఆధార్ చూపియ్యకుండనేనా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "లోపటికైతే పోతున్నయ్. పోయినంక మందును ఇడుస్తలేవు. రెండేండ్లయింది."

తర్వాతి స్టాపులో సీతాఫలాల గంపతో ఒక అవ్వ డోర్‌లో ఇరుక్కుంది. ఒకరికొకరు తెలియని నలుగురు ఆడవాళ్లు, ఎవరూ చెప్పకుండానే చుట్టూ చేరి, గంపతో సహా ఆమెను పైకి ఎక్కించారు. అవ్వ కూర్చున్నాక కూడా ఒకామె గంప వదల్లేదు.

"ఇగ ఇడువు బిడ్డా. గంత గట్టిగ పట్టుకుంటివేంది?" అంది అవ్వ.

పక్కనున్న అక్క చప్పున నా పెన్ను తీసుకుని, తన జీరో టికెట్ వెనకాల ఏదో రాసుకుంది. "మందును గంత గట్టిగ పట్టుకునేటట్టు చేసింది నేనే," అని గొణిగింది.

అక్క యాచారంలో దిగి ఇంటివైపు పోలేదు. రోడ్డు దాటి, వెనక్కిపోయే బస్సు కోసం నిలబడింది.

"బాపుకేం చెప్తవక్కా?" కిటికీలోంచి అరిచాను.

"ఇంకొన్ని దినాలు ఆగుమంట."

అణువులకు వదలడం నేర్పబోతున్న ఆ మనిషి నా పెన్ను మాత్రం వదల్లేదు.