‘బండ తగిలింది’ అని చెప్పిన మూడు వారాలు

ఆ రోజు నేను ఇరవై మిల్లీమీటర్ల నాపబండ మందం కొలుస్తున్నాను. బేతంచెర్లలో ఒక పాలిష్ ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. డిప్లొమా చదివి, పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్నాను. నిలబెట్టిన బండ మీదికి వంగి వెర్నియర్ కాలిపర్ బిగిస్తుండగా బండ అంచు నా కుడి రొమ్ముకు ఆనింది. ఆనిందంతే, గట్టిగా తగలలేదు. అయినా కళ్ళు బైర్లు కమ్మాయి. బాత్రూములోకి వెళ్ళి చూసుకుంటే చర్మం కింద గోలీలాంటి గడ్డ ఉంది. దాని పైన చర్మం ఎర్రబడి, వేడిగా ఉంది. చేతిలోని కాలిపర్‌తోనే కొలిచాను. పద్నాలుగు మిల్లీమీటర్లు.

అది ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. పంతొమ్మిది రోజుల ముందు కర్నూలులో ఒక బ్యూటీ పార్లరులో రెండు రొమ్ములకూ ఇంజెక్షన్లు చేయించుకున్నాను. రెండో బిడ్డ పాలు మానేశాక నేను బాగా చిక్కిపోయాను. నా భర్త రవి భోజనాల దగ్గర బంధువుల ముందు, "మా ఇంట్లో గూడా ఒక పాలిష్ బండ ఉండాదిలే, యాడా ఎత్తుపల్లం కనపడదు" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

పార్లరు నడిపే సుజాత తెల్లకోటు వేసుకుని, "ఫారిన్ జెల్ మ్మా ఇది. అర్ధగంట పని. రేప్పొద్దున నీ వంట నువ్వు జేసుకోవచ్చు" అంది. సిరంజి లోపలి గదిలో నింపుకుని వచ్చింది. సీసా నేను చూడలేదు. ఫ్యాక్టరీకి రెసిన్ డబ్బా వస్తే బ్యాచ్ నంబరు లేనిదే దించుకోనివ్వను. నా ఒంట్లోకి పోయేదానికి మాత్రం ఏ నంబరూ అడగలేదు. చివరికి ఆమె సూది రంధ్రాల మీద ఏదో చుక్క వేసింది. ఆ ఘాటు నాకు తెలుసు. విరిగిన బండ ముక్కలు అతికించే ఇన్‌స్టంట్ గమ్ అది. తెలిసి కూడా నోరు తెరవలేదు.

గడ్డ చూసుకున్న సాయంత్రమే మా వీధి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పడానికి సిగ్గుపడి, "బండ తగిలింది" అన్నాను. మా ఊళ్ళో ఆ మాటకు ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు.

"నెత్తురు గడ్డ కట్టింటాది. ఉప్పు కాపడం పెట్టి గట్టిగా రుద్దు, కరిగిపోతాది" అన్నాడాయన.

మూడు వారాలు పొద్దునా సాయంత్రం రుద్దాను. కొలతలు నోటు పుస్తకంలో రాసుకున్నాను. పద్నాలుగు, పంతొమ్మిది, ఇరవై ఆరు, ముప్పై ఎనిమిది. నాలుగో కొలత నాటికి చంకలో మరో గడ్డ లేచింది, జ్వరం మొదలైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం రవి ఆ పుస్తకం చూశాడు. అంకెల పైన నేను రాసుకున్న "రొమ్ము ఇంజెక్షన్ తర్వాత" అన్న మాట చదివాడు.

"ఎవునికి జూపిచ్చేదానికే?"

"నువ్వు అంటాంటివి గదా..."

మాట పూర్తి కాకముందే గుద్దాడు. ముఖానికి గురిపెట్టిన పిడికిలి, నేను తప్పుకోవడంతో కుడి రొమ్ము మీద పడింది. చర్మం చిట్లింది. చీము, నెత్తురు, వాటిలో కలవని నూనె చుక్కలు జాకెట్ తడిపి నేల మీదికి కారాయి. నెత్తురు పరుచుకున్నచోట నూనె విడిగా మెరిసింది. రవి వాకిట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. నేను తువ్వాలు చుట్టుకుని మా అన్నకు ఫోన్ చేశాను.

అన్న ఓబులేసు కడపలో లారీలు తిప్పుతాడు. వదినతో కలిసి సాయంత్రానికి వచ్చి నన్ను కర్నూలు ఆసుపత్రిలో చేర్చాడు. దారిలో వాళ్ళకు అంతా చెప్పాను. మర్నాడు ఉదయం సర్జన్ మేడమ్ అల్ట్రాసౌండ్ చూసి, "స్నోస్టార్మ్ లాగా ఉంది, అంతా మంచు తుఫాను కమ్మినట్టు. ఏం ఎక్కించారమ్మా?" అని అడిగారు. తెలియదన్నాను.

"జెల్ అయితే చిన్న కోత పెట్టి కడగడానికి ప్రయత్నిస్తాం. సిలికాన్ ఆయిల్ అయితే కండలోకి ఇంకిపోయి ఉంటుంది, టిష్యూతో సహా కోసి తీసెయ్యాలి. ఎమ్మారై తీస్తాం, కానీ ఆ సీసా దొరికితే ఎంత కొయ్యాలో తేల్చుకోవడం సులువు. ఇక ఎవరినీ నొక్కనివ్వద్దు, రుద్దనివ్వద్దు. రక్తనాళంలోకి వెళ్తే లంగ్స్‌కు పోతుంది."

మూడు వారాలు రుద్దిన సంగతి అప్పుడు చెప్పాను. ఆమె దాన్ని కేసు షీటులో రాసుకున్నారు.

తలుపు దగ్గర నిలబడి విన్న అన్న వెళ్ళిపోయాడు. ఎక్కడికో నాకు అర్థమైంది. చేతికి పెట్టిన సెలైన్ సూదితోనే, ఎవరికీ చెప్పకుండా, వదినతో ఆటో ఎక్కాను.

పార్లరు పై అంతస్తులో ఉంటుంది. అద్దం పెంకులు మెట్ల మీదికి వచ్చి పడి ఉన్నాయి. లారీలో ఉండే గడ్డపార కుర్చీలో దిగి ఉంది. సుజాత నుదురు పగిలి కంటి నిండా నెత్తురు. అన్న ఆమె జుట్టు ఒక చేతికి చుట్టుకుని, మరో చేత్తో నిండిన సిరంజి మెడకు ఆనించాడు. పక్కన ఐదు లీటర్ల తెల్ల క్యాను అడ్డంగా పడి కారుతోంది.

"ఫారిన్ జెల్లేనా ఇది? నీకూ ఎక్కిస్తా. రేప్పొద్దున వంట జేసుకుందువు!"

"వద్దప్పా, నాకూ పిల్లోల్లుండారు, ఇడ్సిపెట్టు!"

ఆ సూది దిగితే బాగుండునని నాకు అనిపించింది. అందుకే నిలబడి చూశాను. ఎన్ని సెకన్లో చెప్పలేను. అన్నీ కొలిచే దాన్ని, అది కొలవలేదు. వదిన "నువ్వన్నా చెప్పు మే మీ అన్నకు!" అని నన్ను ముందుకు నెట్టింది. నేల మీది నూనెలో కాలు జారింది.

"న్నా, ఆపు. ఆ క్యాను నాకు కావాల. నువ్వు ఈమెను సంపితే డాక్టరమ్మకు నేనేం జెప్పల్ల?"

"నీకేం తెలీదు, పో మే ఈడ్నుంచి!"

"నాకే తెల్సు. కోసేది నన్నే గదన్నా!"

అన్న నా వైపు చూశాడు. సిరంజిని గోడకేసి కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చాడు.

నేను క్యాను నిలబెట్టి లేబుల్ చదివాను. సిలికాన్ ఆయిల్, ఇండస్ట్రియల్ గ్రేడ్. వైద్యానికి వాడరాదని కింద సన్నటి అక్షరాల్లో ఉంది. మా గోడౌనులో పాలిష్ అయిన బండలకు మెరుపు రావడానికి గుడ్డతో రుద్దే నూనె అదే రకం. సుజాత నుదుటికి వదిన చున్నీ కట్టింది. ఆమెను అదే ఆటోలో అదే ఆసుపత్రికి తీసుకుపోయాం.

సర్జన్ మేడమ్ క్యాను చూసి, "ఇక కడగడం గురించి ఆలోచించక్కర్లేదు" అన్నారు. కుడి రొమ్ము దాదాపు మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా. ఎడమవైపు ఇన్ఫెక్షన్ లేదు కాబట్టి ఉంచారు. ఐదో వారంలో కుట్లు విడిపోయాయి. చీము కల్చర్ పరీక్షలో అటిపికల్ మైకోబాక్టీరియా అని, క్షయ క్రిమి జాతిదే, వచ్చింది. ఆరు నెలలు మాత్రలు. గాయంలో కుక్కిన గుడ్డను రోజూ లాగేవారు. ఎండిన చోట మాంసం కూడా దానితో వచ్చేది. నేను దుప్పటి అంచు కొరికి పట్టుకునేదాన్ని. ఇప్పటికీ ఆ దుప్పటి చిరుగులు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు పిల్లలతో ఫ్యాక్టరీకి దగ్గర్లో వేరే ఇంట్లో ఉంటున్నాను. రవి ఆసుపత్రికి ఒకసారి వచ్చాడు. నేను లోపలికి రానివ్వలేదు. సుజాత మీద ఒక కేసు, అన్న మీద ఒక కేసు నడుస్తున్నాయి. రెండింటిలోనూ నేను సాక్షిని.

"నా మీద గూడా చెప్తావా మే?" అన్నాడు అన్న మొన్నటి వాయిదాకు వచ్చినప్పుడు.

"చెప్తా. ఆపినావని గూడా చెప్తా."

ఎడమవైపు ఒక గడ్డ ఉంది. నెలకోసారి, నొక్కకుండా, కొలుస్తాను. పదకొండు మిల్లీమీటర్లు. ఏడు నెలలుగా పెరగలేదు. ఆరు నెలలకోసారి స్కాన్.

మీ ఒంట్లోకి ఎవరైనా ఏదైనా ఎక్కించి ఉంటే, మొదట కలిసిన డాక్టరుకు మొదటి మాటగా అది చెప్పండి. సిగ్గు అడ్డమొస్తే కాగితం మీద రాసి ఇవ్వండి. సీసా ఉంటే వెంట తీసుకెళ్ళండి. పద్నాలుగు దగ్గర చెప్పవలసిన మాట నేను ముప్పై ఎనిమిది దాటాక చెప్పాను.