ఫాదర్ గారి చెల్లెలు

ఎనభయ్యో దశకం మొదట్లో మా జనగామలో కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరు అడిగేవారు. అది తెలిస్తే అన్న అనాలో బావ అనాలో తేలిపోయేది. తేలకపోతే మా అవ్వకు, అంటే అమ్మకు, ఆ పూట అన్నం సహించేది కాదు. అప్పుడు నేను ఇరవై రెండేళ్ల పిల్లను. ఊరి చివర ఒక మిషన్ దవాఖానలో టైపిస్టుగా కొత్తగా చేరాను. ఆరు నెలలు చూసి, పని నచ్చితే ఉంచుతామన్నారు. బాపు పోయాక మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది కాబట్టి నచ్చడం నాకు చాలా అవసరం. (నచ్చేంత టైపింగు మాత్రం రాదు.)

దవాఖాన పెద్ద ఇటలీ నుంచి వచ్చిన ఫాదర్ గారు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి మన మాటే మాట్లాడేవారు, పచ్చిపులుసు పోసుకుని రెండు ముద్దలు ఎక్కువే తినేవారు. ఆ ఏడు వానాకాలంలో అదే దేశం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది, ఆమె కూడా సన్యాసినే. అవ్వ కాలికి పుండు పడి ముదిరితే, రెండు నెలలు తన చేత్తోనే కట్లు కట్టి ఆ కాలు నిలబెట్టింది. ఒకరోజు ఆమె కాగితాలు టైపు చేస్తూ చూశాను, ఇద్దరి ఇంటిపేరూ బ్రాంబిల్లా! ఆ సాయంత్రమే అవ్వ చెవిన వేశాను. "ఇంకేంది, అన్నాచెల్లెండ్లే!" అని తేల్చేసింది. రెండ్రోజుల్లో మా వాడకట్టంతా అదే తేల్చుకుంది.

బతుకమ్మ పండుగ దగ్గర పడింది. అవ్వ కుంటుకుంటూ నేరుగా ఆఫీసు గదిలోకే వచ్చింది.

"ఏంది నాయినా, చెల్లె గింత దూరమొస్తే పండుగకు చీర వెట్టవా? పుట్టింటోళ్లు లేరనుకోదా?"

ఫాదర్ గారు నా వైపు చూశారు. నేను టైపు మిషను వెనక తల దాచుకున్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"ఆమె నా చెల్లె గాదవ్వా. ఇక్కడికొచ్చినంకనే ఆమె మొఖం చూసిన," అన్నారాయన. "మా దిక్కు గా పేరు వేలమందికి ఉంటది. కొండలల్ల ఒక లోయ ఉన్నది, దాని పేరది. ఎన్నో వందల ఏండ్ల కింద రాజులు కొట్లాడుకుంటే, గెల్చినోళ్లు ఆ లోయల జనాన్నంత ఎల్లగొట్టిన్రు. వాళ్లు కిందికి దిగి మిలాన్ దిక్కు బతుకవోయిన్రు. అక్కడోళ్లు వాళ్లను లోయ పేరుతోనే పిలిచిన్రు. లోయల ఉండేటోళ్లకు ఆ పేరెందుకు? ఎల్లినోళ్లకే అంటుకున్నది."

ఇక అవ్వ లేచి వెళ్తుందనుకున్నాను. ఆమె కింద కూర్చుంది.

"మాది గూడ గంతే నాయినా. కరువుల బచ్చన్నపేట ఇడిసి ఈడికొచ్చినం. బచ్చన్నపేటోళ్లు అన్నరు, గదే ఇంటిపేరైంది. గా పేరున్నోడు యాడ కనవడ్డా మాకు పాలోడే, మా రక్తమే. ఉన్న ఊరిడిసి బయటవడ్డోళ్లు అన్నాచెల్లెండ్లు గాకుంటే ఇంకేమైతరు?"

(మా ఇంటిపేరు అలా వచ్చిందని నాకూ అప్పుడే తెలిసింది.) ఫాదర్ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, "ఏ రంగు చీర వెట్టాలె అవ్వా?" అన్నారు.

"తెల్లదే కడ్తది గద, తెల్లదే వెట్టు. జర అంచు మంచిగుండాలె."

ఆకుపచ్చ అంచు చీర నేనే తెచ్చాను. ఆయన స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, సంగతంతా చెప్పారు. డాక్టరమ్మ ముందు పడీపడీ నవ్వింది. తర్వాత చీర ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఆయన్ని తెలుగులో "అన్నా" అనే పిలిచింది.

ఆరు నెలలు నిండిన రోజు ఫాదర్ గారు నన్ను పిలిచారు. "నీ టైపింగు బాగలేదు. నీ నోరు అసలే బాగలేదు. రేపటి సంది నువ్వు పర్మినెంటు," అన్నారు. దండం పెట్టాలని కూడా తోచక ఇంటికి పరుగెత్తాను. ఆ జీతంతోనే మా తమ్ముళ్లు చదువుకున్నారు.

కొన్నేళ్లకు ఫాదర్ గారు పోయారు. వాళ్ల దేశం నుంచి ఎవరూ రాలేకపోయారు. సమాధి దగ్గర, సొంతవాళ్లుంటే ముందు మట్టి వేయమన్నారు. ఎవరని ఎవరూ వెతకలేదు, డాక్టరమ్మ ముందుకు నడిచి మట్టి వేసింది. అందరితో పాటు ఏడుస్తూనే, టైపు మిషను వెనక తల దాచుకున్న ఆ పిచ్చిపిల్లను తలచుకుని కాస్త నవ్వుకున్నాను.