లెవిస్ అంటే తేలిక

నా చిన్నప్పుడు పెనుకొండలో మా పక్కింట్లో ఒక రిటైరైన సారు ఉండేవారు. పడుచు వయసులో చర్చి ఫాదర్ కావాలని సెమినరీలో చేరి, కొన్నేళ్ళు లాటిన్ చదివి, ఎందుకో ఆ దారి వదిలేసి బడిపంతులుగా స్థిరపడ్డారట. భార్య పోయారు. పిల్లలు లేరు. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చూపు మసకబారింది. మనుషుల్ని పోల్చుకోగలిగేవారు గాని, అచ్చు అక్షరం మాత్రం కళ్ళకు ఆనేది కాదు. పుస్తకాల అలమరలో లాటిన్ పద్యాల పుస్తకాలు ఒక వరసంతా ఉండేవి. వాటిని తీసి, తడిమి, మళ్ళీ అక్కడే పెట్టేవారు.

నేనప్పుడు బడిలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్నాను. లాటిన్‌కూ ఆ అక్షరాలే కదా అని సారుకు తోచినట్టుంది. ఒకనాడు గోడ మీదుగా మా అమ్మను అడిగారు. "పాపను సాయంత్రం పూట కొంచేపు పంపిస్తావా అమ్మా? ఒక పేజీ చదివిపెట్టేకి."

అమ్మ సరేనంది. మాది ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళం. మా నాయన పల్లెల్లో పట్టుగూళ్ళు కొని హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయి అమ్మేవాడు. పక్కింటి పెద్దాయన అడిగితే కాదనడం మా ఇంట్లో లేదు.

నేను ఒక్క ముక్క అర్థం కాకుండానే చదివేదాన్ని. వింటున్న సారు ముఖం మాత్రం మారిపోతూ ఉండేది. ఒకచోట నవ్వేవారు, ఒకచోట తల దించుకునేవారు. చదివింది నేను, నవ్వేది ఆయన. నాకది సహించలేదు. అర్థం చెప్పమని పట్టుబట్టాను.

ఆయన అర్థం చెప్పలేదు. మా ఇంటి నుంచి పురుగు తొలుచుకుపోయిన ఖాళీ పట్టుగూడు ఒకటి తెమ్మన్నారు. దాన్ని నా అరచేతిలో పెట్టి "లెవిస్" అన్నారు. తరువాత వంటింట్లోకి తీసుకుపోయి రుబ్బుగుండు ఎత్తమన్నారు. నేను మూలుగుతుంటే "గ్రావిస్" అన్నారు. పెరట్లో పిడికెడు మన్ను తీసి "తెర్రా" అన్నారు. వీధిలో మా నాయన సైకిల్ మీద పోతుంటే ఆ గంట చప్పుడు విని "పాతెర్" అన్నారు. నా వెనకే తిరిగే మా తమ్ముణ్ణి దగ్గరికి లాక్కుని "పుయెర్" అన్నారు. వాడి చేతిని తన చేతి మీద పెట్టుకుని "మానుస్", ఆ చేతి చిన్నదనాన్ని తడిమి చూపిస్తూ "పార్వా". చూపు మసకబారిన మనిషి అలా నాకు ఊరంతా లాటిన్‌లో చూపించారు. మా తమ్ముడైతే పుయెర్ అనేది తన పేరే అనుకున్నాడు. సారు అలా పిలిస్తే ఎక్కడున్నా "ఆఁ" అని పలికేవాడు.

ఆ ఏడు వానలు పడే రోజుల్లో తమ్ముడికి జ్వరం వచ్చింది. నాయన వాణ్ణి భుజాన వేసుకుని హిందూపురం ఆస్పత్రికి బస్సెక్కాడు. ప్రాణం ఉన్న తమ్ముణ్ణి చూడడం నాకు అదే ఆఖరు.

మా ఆడవాళ్ళు గోరీల దగ్గరికి పోకూడదు. మగవాళ్ళు వాణ్ణి ఎత్తుకుని పోయారు, కొంతసేపటికి ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. మధ్యలో ఏం జరిగిందో అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు. నాయన వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. పల్లెలకు పోవడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. అమ్మ ఏడ్చి ఏడ్చి పడుకుండిపోయేది.

నన్ను ఒకటే ఆలోచన తొలిచేది. అంత మన్ను వాడి మీద పోశారు కదా, వాడు ఎలా మోస్తున్నాడు? దుప్పటి ముఖం మీద పడితేనే గింజుకునే పిల్లవాడు. ఈ మాట ఇంట్లో అడగడానికి నాకు నోరు రాలేదు.

చివరికి సారు దగ్గరికి పోయి అడిగాను. "సార్, మన్ను బరువుగా ఉంటాది గదా?"

ఆయనకు అర్థమైంది. నా తల నిమురుతారనీ, వాడు దేవుడి దగ్గర ఉన్నాడని అంటారనీ అనుకున్నాను. వచ్చినవాళ్ళంతా అదే అనేవారు. ఆయన లేచి, అలమరలో తడిమి ఒక సన్నటి పుస్తకం వెతికి తీసి నా చేతికిచ్చారు. "ఆఖరున ఒక చిన్న పద్యముండాది చూడు. రాసినాయన పేరు యాడా లేదు. చదువు. నాకోసం కాదు పాపా, నీకోసం చదువుకో. తెలియని మాట వస్తే దాటిపో."

చదివాను. తెర్రా అని ఉంది. పుయెర్ అని ఉంది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. సారు కదలకుండా కూర్చున్నారు, సాయం చేయలేదు. కన్నీళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. మానుస్, పార్వా, పాతెర్, లెవిస్. మధ్యలో ఏవేవో తెలియని మాటలు. తెలిసినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ, వెనక్కీ ముందుకీ పోతూ, ఎండ గుమ్మం దాటిపోయేదాకా కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. ఒక నాయన నేలతో మాట్లాడుతున్నాడు. నేలా, వీడు పిల్లవాడు, వీడి చేతులు చిన్నవి, నువ్వు తేలికగా ఉండు అని అడుగుతున్నాడు.

పుస్తకం అక్కడే పెట్టి ఇంటికి పరుగెత్తాను. నాయన గోడ దగ్గరే ఉన్నాడు. ఎదురుగా కూర్చుని ఆ నాలుగు మాటలూ తెలుగులో చెప్పాను.

నాయన తలెత్తాడు. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు నాయనా. చదివినా. శానా ఏండ్ల కింద యాడనో ఒక నాయన తన కొడుకు కోసం అడుక్కున్యాడు."

నాయన గోడ వదిలి ముందుకు వంగాడు. అన్ని రోజులకు మొదటిసారి ఆయన గొంతు పూర్తిగా విన్నాను. "నేనే దిగినానమ్మా గుంతలోకి. ఇంకొకరికి ఇయ్యలేదు. నా చేత్తోనే పండబెట్టినా. పైన బండలు అడ్డం పరిచినాము. మన్ను వాని మీద పడలేదు. ఒక్క రవ్వ గూడా పడలేదు."

వెనకనుంచి ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. తన బిడ్డను ఎలా పడుకోబెట్టారో ఆమె కూడా అప్పుడే వింటోంది. "బండలు పెట్టినారా?" అని అడిగింది. ఇంకోసారి అడిగింది. నాయన మళ్ళీ చెప్పాడు. ఆ సాయంత్రం ముగ్గురం కలిసి ఏడ్చాం. అంతవరకు మా ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్ళదిగానే ఉండింది.

మరునాడు సారును అడిగాను, పద్యం ఏమంటుందో ఒక్క మాటలో చెప్పేసి ఉండవచ్చు కదా, నన్నెందుకు అంత కష్టపెట్టారని. ఆయన నెమ్మదిగా అన్నారు. "నేను చెప్పింటే ఓదార్పు అయ్యేది పాపా. ఓదార్పు చెప్పేటోళ్ళు మీ ఇంటికి శానామంది వచ్చినారు. ఇది నువ్వు కూడబలుక్కున్యావు. ఇంక ఎవరూ నీ దగ్గర్నుంచి తీసుకోలేరు."

కొన్నాళ్ళకు నాయన మళ్ళీ పల్లెలకు తిరగడం మొదలుపెట్టాడు. సారును ఆయన చెల్లెలి కొడుకు ధర్మవరం తీసుకుపోయాడు, అక్కడే కన్నుమూశారని తరువాత విన్నాం. నాకు లాటిన్ అంతకుమించి రాలేదు. హిందూపురం బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. బడి పిల్లలకు పాత పద్యం వచ్చినప్పుడల్లా ప్రతిపదార్థం బోర్డు మీద రాసేసి చేతులు దులుపుకోవడం నాకు ఏనాడూ చేత కాలేదు. చావు జరిగిన ఇంటికి పోయినా అంతే. నోరు విప్పను, పక్కన కూర్చుంటాను.

ఇప్పుడు బెంగళూరులో చదువుతున్న నా మనవరాలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "అవ్వా, ఈ పద్యంలో ఈ మాటకు అర్థమేమి?" అంటుంది. నాకు తెలిసినా చెప్పను. ఇంకోసారి చదవమంటాను. అది విసుక్కుంటుంది. అవతల పుస్తకంలో కాగితం వెనక్కి తిరిగిన చప్పుడు వినిపిస్తుంది. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా, ఎంతసేపైనా అలా కూర్చుంటాను.